జవాబు ముందు నాకు రాయి

బ్రాడీపేట,
గుంటూరు.

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. దానితో పాటు నీ కథల పుస్తకం మీద వచ్చిన ఆ సమీక్ష జిరాక్సు, నువ్వు ఆ పత్రికకు పంపుదామనుకుంటున్న జవాబు కూడా చదివాను. "పంపమంటారా, వద్దంటారా మాస్టారూ" అని అడిగావు. వద్దు.

నువ్వు రాసినదాంట్లో తప్పుందని కాదు. చాలావరకు నిజమే రాశావు. "ఇలాంటివి పట్టించుకోకూడదమ్మా" అని పెద్దవాళ్ళు చెప్పే మాట కూడా నేను చెప్పను. అది ఎవరి వల్లా అయ్యే పని కాదు. రెండేళ్ళు కూర్చుని రాసుకున్న పుస్తకాన్ని ఎవరో ఒక పేజీలో తీసిపారేస్తే నిద్రెలా పడుతుంది? నిద్ర పట్టకపోవడమే సహజం. నేను వద్దంటున్నది వేరే కారణానికి. అది చెప్పాలంటే నీకు రష్యన్ రచయిత చెహోవ్ ఉత్తరాల గురించి చెప్పాలి.

చెహోవ్ కథలు నువ్వు చదివావు. మన బెజవాడ, గుంటూరు వైపు పుస్తకం అలవాటున్న ఇళ్ళలో ఆయన చాలాకాలంగా ఇంటి మనిషే. మాస్కోలో తెలుగులోనే అచ్చయి, విశాలాంధ్ర వాళ్ళ ద్వారా చవగ్గా మనకు చేరిన ఆ గట్టి అట్టల పుస్తకాలు ఇప్పటికీ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల ముందు ఓపిగ్గా నిలబడితే దొరుకుతాయి. కథలు చదివినంతగా మనవాళ్ళు ఆయన ఉత్తరాలు చదవలేదు. ఆయన సమగ్ర రచనలు రష్యాలో 30 సంపుటాలుగా వేస్తే అందులో 12 సంపుటాలు ఉత్తరాలే. నాలుగు వేలకు పైగా ఉన్నాయి. 44 ఏళ్ళకే క్షయతో పోయిన మనిషి, ఒక పక్క డాక్టరుగా రోగుల్ని చూసుకుంటూ, ఇంటి ఖర్చులు మోస్తూ రాసినవి. అన్నకు, చెల్లెలికి, ప్రచురణకర్తకు, స్నేహితులకు రాసుకున్నాడు. అచ్చులో మనం చదువుతామని కాదు. ఆయన పోయాక చెల్లెలు మరియా 1912 నుంచి 1916 దాకా ఆరు సంపుటాలుగా వేస్తే బయటికి వచ్చాయి. కీర్తి గురించి, విమర్శ గురించి ఒక పెద్ద రచయిత సభలో చెప్పే మాటకూ, రాత్రి దీపం దగ్గర ఒక్క మనిషికి రాసే మాటకూ ఎంత తేడా ఉంటుందో వాటిల్లో కనబడుతుంది.

ఒక్క సంఘటన తీసుకో. 1896 అక్టోబర్ 17. తేదీలన్నీ అప్పటి రష్యా పాత క్యాలెండర్ లెక్కన చెబుతున్నాను. పీటర్స్‌బర్గ్‌లో అలెక్సాంద్రిన్‌స్కీ థియేటర్. చెహోవ్ రాసిన 'సీగల్' మొదటి ప్రదర్శన. ఆ రాత్రి ఒక ప్రముఖ హాస్యనటి గౌరవార్థం ఏర్పాటు చేసింది. జనం ఆమె కోసం, నవ్వుకుందామని వచ్చారు. తీరా చూస్తే తెర మీద దిగులు, నిశ్శబ్దం. ఏడవాల్సిన చోట నవ్వారు, ఈలలు వేశారు. చెహోవ్ మధ్యలోనే హాల్లోంచి లేచిపోయాడు. అర్ధరాత్రి దాటేదాకా ఎక్కడున్నాడో ఎవరికీ తెలియలేదు. మర్నాడు ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా రైలెక్కి మాస్కోకు దక్షిణాన మెలీఖొవొలో ఉన్న తన ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆయనకు బాగా దగ్గరివాడు సువోరిన్ అని పీటర్స్‌బర్గ్‌లో పెద్ద పత్రికాధిపతి, ప్రచురణకర్త. నువ్వు భయపడి పారిపోయావు అన్నట్టుగా ఆయన ఉత్తరం రాశాడు. దానికి అక్టోబర్ 22న చెహోవ్ ఇచ్చిన జవాబు చూడు. నేనేం భయపడలేదు, ఆ రాత్రి భోజనం చేశాను, హాయిగా నిద్రపోయాను, పెళ్ళి మాట అడిగి కాదనిపించుకున్న మనిషి ఎంత మర్యాదగా లేచి వెళ్ళిపోతాడో అంత మర్యాదగానే వచ్చేశాను అన్నాడు. ఇంటికొచ్చి ఆముదం తాగి, చన్నీళ్ళతో కడుక్కున్నాను, ఇప్పుడు కావాలంటే కొత్త నాటకం కూడా రాయగలను అన్నాడు.

చదివితే ఎంత నిబ్బరం అనిపిస్తుంది. ఇక్కడే ఆపేస్తే, చూశావా, పెద్ద రచయితలకు విమర్శ అంటదు అని ఒక నీతి చెప్పుకుని పుస్తకం మూసేయొచ్చు.

కానీ నెల తిరక్కుండానే, నవంబర్‌లో, మాస్కోలో నాటకాలు రాసే నెమిరోవిచ్ దాన్‌చెంకోకు ఇంకో ఉత్తరం రాశాడు. అందులో ఆముదం లేదు, హాయి నిద్ర లేదు. థియేటరంతా కక్షతో ఊపిరి పీల్చింది, గాలి ద్వేషంతో బిగుసుకుపోయింది, నేను భౌతికశాస్త్ర నియమాల ప్రకారం పీటర్స్‌బర్గ్ నుంచి బాంబులా బయటికి ఎగిరిపడ్డాను అని ఉంది.

మళ్ళీ డిసెంబర్ 14న సువోరిన్‌కే రాశాడు. ఈసారి నిబ్బరమూ లేదు, బాంబూ లేదు. అక్టోబర్ 17న ఓడిపోయింది నా నాటకం కాదు, నేను, నా వ్యక్తిత్వం అన్నాడు. మొదటి అంకంలోనే ఒకటి గమనించానన్నాడు. అంతకుముందు దాకా తనతో కలిసి భోంచేసినవాళ్ళు, తను అరమరికలు లేకుండా మసలుకున్నవాళ్ళు, వాళ్ళ మొహాల్లో ఏదో వింతగా ఉంది. ఇప్పుడు ప్రశాంతంగానే ఉన్నాను గానీ, ఎవరైనా నన్ను కొడితే ఎలా మరిచిపోలేనో ఇదీ అలాగే మరిచిపోలేకపోతున్నాను అన్నాడు.

రెండు నెలల్లో మూడు ఉత్తరాలు. మొదటిదాంట్లో "నాకేం కాలేదు". రెండోదాంట్లో "వాళ్ళు దుర్మార్గులు". మూడోదాంట్లో మాత్రమే అసలు ఏం జరిగిందో, దెబ్బ ఎక్కడ తగిలిందో ఉంది. నాటకం బాగాలేదనడం ఆయన్ను అంతగా నొప్పించలేదు. తెలిసిన మొహాలు తన ఓటమికి సంతోషించడం నొప్పించింది. ఆ సంగతి ఆయనకే డిసెంబరు దాకా తేలలేదు. అక్టోబర్ 18న ఆయన ఏ పత్రికకో ఘాటైన లేఖ రాసి పడేసి ఉంటే ఏమయ్యేది? ఆ మొదటి మాటే లోకం దృష్టిలో ఆయన మాటగా నిలిచిపోయేది. దాన్ని సమర్థించుకుంటూ ఇంకో నాలుగు లేఖలు రాయాల్సి వచ్చేది. మూడో ఉత్తరం పుట్టేది కాదు. ఆ నాటకాన్నే 1898 డిసెంబర్ 17న మాస్కో ఆర్ట్ థియేటర్ వాళ్ళు మళ్ళీ ఆడితే జనం నీరాజనం పట్టారు. ఆ రోజు చెహోవ్ అక్కడ లేడు, ఎక్కడో యాల్టాలో ఒళ్ళు బాగాలేక ఉన్నాడు. టెలిగ్రాములు వెళ్ళాయి.

నీ జవాబు పంపొద్దు అనేది ఇందుకే. అది మొదటి ఉత్తరం. అందులో నువ్వు "నాకు బాధ లేదు, సత్యం కోసం రాస్తున్నాను" అని రెండు చోట్ల రాశావు. బాధ లేకపోతే నాలుగు పేజీలు ఎందుకు రాస్తావమ్మా? బాధ ఉంది. ఏది బాధ పెట్టిందో నీకింకా తేలలేదు. తేలేదాకా నాకు రాయి. నాకు కాకపోతే నీకు నమ్మకమున్న ఇంకొకరికి రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు. నేను భద్రంగా దాచిపెట్టి, కొన్నాళ్ళయ్యాక నీకే తిరిగిస్తాను.

అసలు ఎప్పటికీ జవాబివ్వకూడదా అంటావు. ఇవ్వాల్సిన సందర్భం ఒకటుంది, అదీ ఆయన ఉత్తరాల్లోనే ఉంది. 1890 మార్చిలో 'రుస్కయా మీస్ల్' అనే పెద్ద పత్రిక, విలువలు లేని రాతగాళ్ళ జాబితాలో చెహోవ్ పేరు కలిపి రాసింది. ఆయన అప్పుడు సఖలీన్ దీవికి బయల్దేరబోతున్నాడు. సైబీరియా అంతా దాటి, ఖైదీల బతుకు చూడ్డానికి. తిరిగొస్తానో లేదో అనుకున్నాడు. ఏప్రిల్ 10న ఆ పత్రిక సంపాదకుడు లావ్రొవ్‌కు ఉత్తరం రాశాడు. విమర్శకు మామూలుగా ఎవరూ జవాబివ్వరు, కానీ ఇది విమర్శ కాదు, అపనింద అని అందులో స్పష్టంగా విడదీశాడు. ఇక మన మధ్య వ్యవహారాలు గానీ, పలకరింపులు గానీ ఉండవు అని తేల్చేశాడు. చెహోవ్ ఉత్తరాల్లో ఇంత కోపంగా ఉన్నవి అరుదు.

గమనించావా, ఆ ఉత్తరం ఆయన ఇంకో పత్రికకు పంపలేదు. అన్నవాడికే నేరుగా పంపాడు. ఒక్కసారి రాశాడు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు, సఖలీన్ వెళ్ళిపోయాడు. రెండేళ్ళకు లావ్రొవ్ వైపు నుంచే మాట కలిసింది. 1892 నవంబర్‌లో 'వార్డు నెంబర్ 6' అచ్చయింది ఆ పత్రికలోనే. సఖలీన్ మీద రాసిన పుస్తకం కూడా ధారావాహికగా అందులోనే వచ్చింది. నలుగురిలో తిట్టుకుని ఉంటే ఆ తలుపు మళ్ళీ తెరుచుకునేదని నేననుకోను. నలుగురి ముందు అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి ఎదుటివాడికి మొహం చెల్లదు.

మన వైపు ఈ వాదాలకు లోటు ఎప్పుడూ లేదు. తిరుపతి వేంకట కవులకూ, ఇక్కడి నరసరావుపేట దగ్గరి కొప్పరపు సోదర కవులకూ నడిచిన యుద్ధం మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు కథలు కథలుగా చెప్పేవాళ్ళు. రెండు వైపులా మహా కవులే, ఆశువుగా పద్యం కురిపించగలిగినవాళ్ళే. ఒకరినొకరు దెప్పుకుంటూ రాసిన పద్యాలు ఇవాళ పరిశోధన చేసేవాళ్ళు తప్ప ఎవరు చదువుతున్నారు? తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు మాత్రం ఏ ఊళ్ళో నాటకమేసినా ముసలీ ముతకా కలిసి హార్మోనియంతో పాటు ఎత్తుకుంటారు. ఆ దెప్పుడు పద్యాలకు పట్టిన సమయం కూడా ఆ నాటకాలకే పెట్టి ఉంటే మనకు ఇంకేమైనా దక్కేదేమో అనిపిస్తుంది నాకు.

సరే, ఇక నీ సమీక్ష. నీకు పంపించడానికి దాని మీద పెన్సిలుతో గీతలు గీశాను. ఇందులో మూడు పేరాలున్నాయి. మొదటి పేరాలో "ఏసీ గదుల్లో కూర్చుని కూలీల గురించి రాసే కొత్త తరం" అన్నాడు. అది నీ గురించి, కథ గురించి కాదు. కొట్టేశాను. మూడో పేరాలో "అవార్డుల మీద కన్నేసి" అన్నాడు. అదీ నీ గురించే. కొట్టేశాను. నువ్వు జవాబు రాసింది మొత్తం ఈ రెండు పేరాలకే. మీ అమ్మమ్మ మిర్చి యార్డు పక్కన ముచ్చికలు తీసే పనికి వెళ్ళేదని, నువ్వు చిన్నప్పుడు ఆవిడ వెంట వెళ్ళేదానివని, ఏసీ సంగతి మీ ఇంట్లో ఎవరికీ తెలియదని రాశావు. చదువుతుంటే నాకూ కడుపులో దేవినట్టయింది. అయినా ఆ సంగతి ఆ పత్రికకు చెప్పి ఏం లాభం? నీ బతుకు గురించి ఆయనకు సంజాయిషీ ఇవ్వాల్సిన పని నీకు లేదు.

మిగిలింది రెండో పేరా. దాని జోలికి నువ్వు పోనేలేదు. చిన్న పేరా, నాలుగు వాక్యాలు. "కథానాయిక పదిహేనేళ్ళుగా మిరపకాయల మధ్య పని చేస్తోందని రచయిత్రి చెబుతారు. కానీ కథంతటిలో ఆమె చేతులు ఒక్కసారి కూడా మండవు" అన్నాడు. ఈ వాక్యం కింద రెండు గీతలు గీశాను. కథ తీసి మళ్ళీ చూశాను. నిజమే. ఆవిడ పనిలోంచి వస్తుంది, బిడ్డను ఎత్తుకుంటుంది, కన్నీళ్ళు తుడుచుకుంటుంది. చేత్తో తుడుచుకుంటుంది, 23వ పేజీలో.

ముచ్చికలు తీసే ఆడవాళ్ళు చేత్తో కళ్ళు తుడుచుకోవడం నువ్వెప్పుడైనా చూశావా? భుజం పైకెత్తి, జాకెట్టు చేతికి కన్ను రుద్దుకుంటారు, లేదా మోచేతి మీద. బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు పోదు. పసిబిడ్డ తల్లుల అవస్థ అంతా ఇంతా కాదు. ఇదంతా నాకంటే నీకే బాగా తెలుసు. మీ అమ్మమ్మ చేతులు నువ్వు చూశావు. చూసిన మనిషివి రాయలేదు, చూడని విమర్శకుడు అది లేదని పట్టుకున్నాడు. నీకు నిద్ర పట్టనివ్వనిది ఈ వాక్యమేనేమో, ఏసీ గది కాదేమో, ఒకసారి చూసుకో. నేను తప్పుగా అనుకుని ఉండొచ్చు. నీ మూడో ఉత్తరం వచ్చాక తెలుస్తుంది.

ఆ పెద్దమనిషి మంచి విమర్శకుడని నేననడం లేదు. ఒకే పేజీలో ఒక మనిషి రెండు చోట్ల అన్యాయంగా, ఒక చోట న్యాయంగా మాట్లాడగలడు. అన్యాయం జరిగిందని న్యాయంగా చెప్పినదాన్ని కూడా పారేసుకుంటే నష్టం నీదే.

అసలైన విమర్శ ఎలా ఉంటుందో చూడాలంటే చెహోవ్ గోర్కీకి రాసిన ఉత్తరాలు చదువు. 1898లో గోర్కీ కథలు రెండు సంపుటాలుగా వచ్చి ఒక్కసారిగా పేరు మోగిపోయింది. ఆ ఊపులో ఉన్న కుర్రవాడికి చెహోవ్ నీకు ప్రతిభ ఉంది, సందేహం లేదు, కానీ అదుపు లేదు అని రాశాడు. 1899 సెప్టెంబర్‌లో ఇంకా దగ్గరగా చెప్పాడు. అచ్చు దిద్దేటప్పుడు విశేషణాలు కొట్టెయ్ అన్నాడు. "మనిషి గడ్డి మీద కూర్చున్నాడు" అని రాస్తే వెంటనే అర్థమవుతుంది అన్నాడు. అలా కాకుండా, పొడుగ్గా, బక్క ఛాతీతో, ఎర్ర గడ్డంతో ఉన్న ఒక మనిషి, నడిచేవాళ్ళు అప్పటికే తొక్కేసిన పచ్చగడ్డి మీద, చప్పుడు చెయ్యకుండా, బెరుకుబెరుకుగా అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాడు అని రాస్తే అది బుర్రలో కుదురుకోవడానికి టైం పడుతుంది, కథ అన్నది ఒక్క క్షణంలో కుదురుకోవాలి అన్నాడు.

ఇందులో గోర్కీ ఎవరు, ఏ కులం, ఏ పార్టీ, ఎవరి మనిషి అన్న మాట లేదు. గడ్డి ఉంది, కూర్చున్న మనిషి ఉన్నాడు, వాక్యం ఉంది. గోర్కీ ఇంటికెళ్ళి ఆ రాత్రే దిద్దుకోగలిగిన సంగతి. నీ చేతికి ఏ విమర్శ వచ్చినా ఇదొక్కటే అడుగు, దీంతో నేను రేపు ఏ వాక్యం దిద్దగలను అని. మన తెలుగులో రాచమల్లు రామచంద్రారెడ్డి గారి విమర్శ ఎంత కటువుగా ఉండేదో తెలిసినవాళ్ళకు తెలుసు. ఆయన చేత దెబ్బ తిన్నవాళ్ళు ఉన్నారు. కానీ ఎక్కడ కొట్టాడో వేలు పెట్టి చూపించేవాడు. అలాంటి కటుత్వం నీకు దొరికితే అదృష్టమే అనుకో.

ఇప్పుడు నీ ఉత్తరంలో రెండో సగం. ఆవిష్కరణ సభలో కప్పిన శాలువాల గురించి, వాట్సాప్ గ్రూపుల్లో వస్తున్న అభినందనల గురించి, జనవరి పుస్తక ప్రదర్శన నాటికి రెండో సంపుటం తెమ్మని ప్రచురణకర్త అడుగుతున్న సంగతి గురించి రాశావు. టెన్షన్‌గా ఉంది అన్నావు. నిజం చెప్పాలంటే సమీక్ష కంటే నాకు దీని గురించే ఎక్కువ బెంగగా ఉంది.

చెహోవ్ మొదట్లో చిన్నా చితకా హాస్య పత్రికలకు మారుపేరుతో రాసేవాడు. డబ్బుల కోసం, ఇల్లు గడవడం కోసం, వారానికి ఇన్నని. 1885 డిసెంబర్‌లో పీటర్స్‌బర్గ్ వెళితే అక్కడ పెద్దవాళ్ళంతా తనను చదువుతున్నారని తెలిసింది. అప్పుడు అన్నకు రాసిన ఉత్తరంలో గర్వం కనబడదు. భయం కనబడుతుంది. నన్ను ఇలా చదువుతున్నారని ముందే తెలిస్తే ఇంత అజాగ్రత్తగా రాసి ఉండేవాణ్ణి కాదే అన్నాడు. పేరు వచ్చిందని తెలిసిన రోజున మనిషి పొందాల్సింది ఇదేనని నా నమ్మకం. ఎవరో చదువుతున్నారు, కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

1886 మార్చిలో గ్రిగరోవిచ్ అని అప్పటికే పేరున్న పెద్దాయన, అరవై దాటినవాడు, ఈ 26 ఏళ్ళ కుర్రవాడికి ఉత్తరం రాశాడు. నీకు నిజమైన ప్రతిభ ఉంది, తొందరగా రాయడం మానెయ్, కడుపు మాడినా సరే, ఆ అనుభవాలను దాచుకుని, నిదానంగా రాయాల్సిన రచన కోసం అట్టిపెట్టుకో అని. చెహోవ్ జవాబులో దాదాపు కన్నీళ్ళే. మీ ఉత్తరం నాకు పిడుగులా తగిలింది అన్నాడు. ఒక్క కథ మీద కూడా ఒక రోజుకు మించి పని చేసినట్టు గుర్తులేదు, మీకు నచ్చిన 'వేటగాడు' కథ స్నానాలకు కట్టిన పాకలో కూర్చుని రాసేశాను అని ఒప్పుకున్నాడు.

తర్వాత ఏం చేశాడన్నదే ముఖ్యం. 1886లో వందకు పైగా రాసిన మనిషి 1888కి వచ్చేసరికి పది, పన్నెండు దగ్గర ఆగాడు. ఆ ఏడు మొదట్లోనే 'స్టెప్' అనే పెద్ద కథ మీద నెలరోజుల పాటు కూర్చున్నాడు. ఏడు మారేకొద్దీ సంఖ్య తగ్గింది, కథ పెద్దదైంది. అదే ఏడాది అక్టోబర్‌లో పుష్కిన్ బహుమతి వచ్చింది. పూర్తిగా కూడా కాదు, సగం, 500 రూబుళ్ళు. ఆ సంబరంలో కూడా ఒక స్నేహితుడికి, నేను రాసినదంతా అయిదు పదేళ్ళలో మరిచిపోతారు, నేను వేసిన దారులు మాత్రం ఉంటాయి అని రాశాడు. పెద్ద బిరుదులు కూడా ఆయన చేతిలో బిగిసి ఉండలేదు. 1900లో రష్యన్ అకాడమీ గౌరవ సభ్యత్వం ఇచ్చింది. 1902లో గోర్కీని ఎన్నుకుని, ప్రభుత్వానికి నచ్చలేదని ఆ ఎన్నిక రద్దు చేస్తే, చెహోవ్ తన సభ్యత్వం వెనక్కి ఇచ్చేశాడు. ఎక్కడా ఉపన్యాసం లేదు, ఒక చిన్న లేఖ, అంతే.

నీ దగ్గరకొచ్చేసరికి, జనవరికి రెండో పుస్తకం వద్దు. పుస్తక ప్రదర్శన ప్రతి ఏడూ వస్తుంది. శాలువాలు తీసుకో, కాదంటే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. పొగిడినవాళ్ళకు కృతజ్ఞత చెప్పు. కానీ ఆ పొగడ్తల్లో ఎవరైనా ఒక వాక్యం గురించి, ఒక పాత్ర చేసిన పని గురించి చెప్పారా చూడు. "అద్భుతం అమ్మా, కంటతడి పెట్టించావు" అన్న మాట, "ఏసీ గదుల్లో కూర్చుని" అన్న మాట, రెండూ ఒక్కలాగే కథను వదిలేసి నీ చుట్టూ తిరుగుతాయి. ఒకటి తీపి, ఒకటి చేదు కాబట్టి మనకు వేరువేరుగా అనిపిస్తాయి. రెండో రోజు రాయడానికి కూర్చున్నప్పుడు రెండూ ఒకే చోట అడ్డం పడతాయి.

ఉత్తరం ఎవరికి రాయాలని అడుగుతావేమో. నీతో అన్నిటికీ ఏకీభవించే మనిషి కానక్కర్లేదు. చెహోవ్ సువోరిన్‌కు రాసిన ఉత్తరాలు మూడు వందల పైచిలుకు. ఇద్దరి రాజకీయాలకూ పొత్తు కుదరలేదు. 1898లో ఫ్రాన్స్‌లో డ్రైఫస్ వ్యవహారం, అంటే ఒక యూదు సైనికాధికారిని దేశద్రోహి అని అన్యాయంగా శిక్షించిన గొడవ, రేగినప్పుడు సువోరిన్ పత్రిక ఒక వైపు, చెహోవ్ మరో వైపు. ఆ అధికారి పక్షాన నిలబడ్డ ఫ్రెంచి రచయిత జోలా చేసింది సరైనదేనని ఫ్రాన్స్‌లోని నీస్ ఊరి నుంచి చెహోవ్ పెద్ద ఉత్తరం రాశాడు. ఆ తర్వాత స్నేహం చల్లబడింది. అయినా అంతకుముందు పదేళ్ళు తన లోపలి సంగతులు చెప్పుకోవడానికి ఆయనకొక మనిషి దొరికాడు. మన దగ్గర చలం గారికి చింతా దీక్షితులు గారు అలాంటి మనిషి. బెజవాడలో ఉన్నప్పుడు చలం గారిని తిట్టని నోరు లేదు, ఆయన పుస్తకాలు దిండు కింద దాచుకుని చదవని ఇల్లూ తక్కువే. 1950లో ఆయన తిరువణ్ణామలై వెళ్ళిపోయారు. దీక్షితులు గారికి రాసిన ఉత్తరాలు పుస్తకంగా ఉన్నాయి. తెచ్చుకుని చదువు. లోకం మీద నిప్పులు చెరిగిన మనిషి స్నేహితుడితో ఎంత మెత్తగా, ఎంత అనుమానంగా మాట్లాడతాడో చూస్తావు.

ఒక్క జాగ్రత్త. ఫోన్‌లో రాయకు. రాత్రి పదకొండింటికి నువ్వు ఒక్కరికని పంపిన మాట తెల్లారేసరికి స్క్రీన్‌షాట్ అయి పది గ్రూపుల్లో తిరుగుతుంది. పైగా అక్కడ వేలు తాకితే చాలు, వెళ్ళిపోతుంది. కాగితం అయితే పొద్దున పోస్టాఫీసు తెరిచేదాకా బల్ల మీదే ఉంటుంది. పొద్దున మళ్ళీ చదువుకుంటావు. పంపబుద్ధి కాకపోతే చింపేస్తావు. చెహోవ్ చింపేసినవి ఎన్నో మనకు తెలియదు.

నీ జవాబు నాలుగు పేజీలూ నా దగ్గరే ఉంచుకుంటున్నాను. సమీక్ష మాత్రం గీతలతో సహా ఇందులో పెట్టాను. మీ అమ్మమ్మ గురించి రాసిన ఆ ఒకటిన్నర పేజీ కూడా విడిగా చేత్తో ఎత్తి రాసి జత చేశాను. అది సంపాదకుడికి రాసిన లేఖలో ఉండాల్సింది కాదు. సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని యార్డు దాకా తీసుకెళ్ళిన తాత, తుమ్ములు ఆగక నువ్వు ఏడిస్తే తడిగుడ్డ మొహానికి కట్టిన పక్కింటావిడ, సాయంత్రం మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చున్న అమ్మమ్మ, వీళ్ళెవరూ నీ సంపుటంలోని ఏ కథలోనూ లేరు. కోపంలో ఉన్నప్పుడు చేత్తో రాస్తే వచ్చారు. 23వ పేజీ కూడా దాని పక్కన పెట్టుకుని చూడు.

కొత్త కథ మొదలుపెడితే ప్రింటు తీసి పంపు, ఈ కళ్ళకు ఫోన్లో అక్షరాలు ఆనవు. లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ వదులు, నాకు గీతలు గీయడానికి చోటుండాలి. ఆదివారం వచ్చేట్టయితే ముందుగా చెప్పు, ఇంట్లోనే ఉంటాను. బెజవాడ నుంచి పొద్దున ప్యాసింజర్ ఎక్కితే భోజనాల వేళకు ముందే కూర్చోవచ్చు. మీ నాన్నగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు